పేరు లేని డబ్బా

దుప్పుల వేటకి ఇంకా మూడు వారాలుంది.
"చేతులు వణుకుతున్నాయి, ఇక నువ్వే చూసుకో" అన్నాడు
టూరె మామయ్య,
కూహ్మోలో మా జట్టుకి నలభై ఏళ్లు
తూటాలు నింపిన మనిషి.

నేను బడి బస్సు నడుపుతాను.
గడ్డకట్టిన రోడ్డు మీద
బ్రేకు ఎంత మెల్లగా తొక్కాలో తెలుసు.
అది చాలన్నాడు.

ప్రైమరు చొక్కా కాలరు గుండీ కన్నా చిన్నది.
గోరుతో ఎత్తకూడదు, చేతి జిడ్డు తగలకూడదు.
కొన్ని మెత్తగా మేలుకుంటాయి,
కొన్ని కేక పెట్టి లేస్తాయి.
సున్నాకి ముప్పై కింద,
బద్ధకపు మందుకి మెత్తని రవ్వని జత చేస్తే
ట్రిగ్గరు నొక్కాక ఒక్క క్షణం
ఏమీ జరగదు.
మంచు మీద పక్షి కదిలిన చప్పుడు కూడా వినిపిస్తుంది.
ఆ క్షణంలోనే బోల్టు తెరిచాడు
మామయ్య తమ్ముడు ఆర్వో.
ఇప్పటికీ అతనితో మాట్లాడాలంటే
ఎడమ వైపుకి వెళ్లి నిలబడాలి.

"అయితే పెద్ద మంట వేసేదే మంచిదా?"
"మంచిదంటూ ఏదీ లేదు.
పొయ్యిని చూసి పుల్ల ఎంచుకో."

ఈ ఏడు మా రకం ప్రైమర్లు కొట్లో లేవు.
కయానిలో లేవు, ఔలుకి ఫోన్ చేస్తే నవ్వారు.
వేరే కంపెనీవి వంద దొరికాయి.
మిగతాదంతా పాతదే,
అదే ఇత్తడి గుల్ల, అదే మందు, అదే గుండు.
అయినా నోటుపుస్తకంలో మామయ్య
రెండు గీతలు కొట్టి ఖాయం చేసిన అంకెని
పక్కన పెట్టాల్సిందే.
కింది మెట్టు నుంచి మళ్లీ ఎక్కాల్సిందే,
పేలిన ప్రతి గుల్ల అడుగునీ భూతద్దంలో చూస్తూ,
ప్రైమరు అంచు చదునైందేమో వెతుకుతూ.
కొత్త డ్రైవరుకి పాత బస్సు ఇచ్చినట్టే.
బస్సుని కాదు, ఇద్దర్నీ కలిపి అనుమానించాలి.

అలమర చివర ఒక డబ్బా.
సగం నిండుగా ఉంది.
పైన కాగితం ఊడిపోయింది, జిగురు మరక మిగిలింది.

సోమవారం మూత తీసి వాసన చూశాడు.
"నిదానంగా కాలేది. దుప్పికి దీన్ని మించింది లేదు."
బుధవారం మళ్లీ చూశాడు.
"అడవికోళ్లకి వాడేది. చురుకైంది, జాగ్రత్త."
ఆదివారం కళ్లు మూసుకుని
హిల్యా, అన్నాడు.
అది మా అమ్మమ్మ పేరు.

మూడుసార్లూ అంతే నమ్మకం.
మూడుసార్లూ గొంతు వణకలేదు.

నల్లటి పలుకులు అరచేతిలో పోసుకుని
దీపం కిందకి తీసుకెళ్లాను.
ఏదీ ఏమీ చెప్పలేదు.
నిదానమూ చురుకూ కంటికి కవలపిల్లలు.

నా పద్దెనిమిదో ఏట, ఇదే బల్ల దగ్గర,
ఆర్వో ఆసుపత్రి నుంచి వచ్చిన వారం
ఆయనే చెప్పాడు:
"పేరు తెలియని మందుని తూటాలో పోయకు.
ఎవరు చెప్పినా సరే.
నేను చెప్పినా సరే."

ఆ మాట చెప్పినవాడి మీదే
ఆ మాటని వాడాల్సి వస్తుందని
అప్పుడు తెలియదు.

సాయంత్రం ఆయన మాత్రల పెట్టె మీద
పగలు, రాత్రి అని పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.
తర్వాత డబ్బా తీసుకుని పెరట్లోకి వెళ్లాను,
బంగాళాదుంపలు తవ్వేసిన మడిలోకి.
తొలిమంచు పలచగా పడి ఉంది.
దాని మీద పిడికెడు పిడికెడుగా విసిరాను,
ఎవరో మిరియాలు ఒలకబోసినట్టయింది.

కిటికీ తెరుచుకుంది.
"ఏం చల్లుతున్నావే?"
"మందు."
"దుంపలకా?"
కాసేపు ఏమీ అనలేదు నేను.
ఆ కాసేపట్లో ఆయనకి అర్థమైందో లేదో తెలియదు.
"అవును" అన్నాను.

"మంచిదే. ఒకేసారి ఎక్కువ వేయకు.
తక్కువతో మొదలుపెట్టు.
తర్వాత చూసుకోవచ్చు."